ఆపమంటే ఆపని నరేందర్

మా కళాబృందంలో ఉన్నవాళ్ళందరి గురించీ తలా కొంచెం రాశాను. నరేందర్‌ను మాత్రం చివరికి పెట్టాను. కారణం దాచను. అతడంటే నాకు పడదు, నేనంటే అతడికి పడదు. జగిత్యాల ప్రోగ్రాంకు రావద్దని నలుగురి ముందు వెళ్ళగొట్టిందీ నేనే. ఆ ముచ్చట ఊళ్ళో తలా ఒక తీరుగా చెప్పుకుంటున్నారు కాబట్టి నేనే రాస్తే సరిపోతుంది.

ముందు నా సంగతి. కోరుట్ల పక్క పల్లెలో ఏడో తరగతి చదివాను. హార్మోనియం ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా నేర్చుకున్నాను. అక్షరాస్యత మీద, పోలియో చుక్కల మీద, నీళ్ళ పొదుపు మీద నేను కట్టిన పాటలు ఈ చుట్టుపక్కల పాడని బడి లేదు. వచ్చిన శాలువాలు ఇనుప పెట్టెలో పట్టక మా ఇంటామె మంచం కింద మూట కట్టింది. లింబాద్రి కాక బృందం అంటే మైకువాడు కూడా లేచి నిలబడతాడు.

నా పాటకు ఒక గుర్తుంది. చివరి చరణం దగ్గర నేను మెల్లగా ‘ఆపు’ అంటాను. డోలకు, తాళాలు, కోరస్ అన్నీ ఒక్క దెబ్బకు ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో నేనొక్కణ్ణే గొంతెత్తుతాను. చప్పట్లు అక్కడే పడతాయి. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే పడుతున్నాయి.

నరేందర్‌ది ఎల్లారెడ్డిపేట మండలం. తండ్రి దేవయ్య కల్లు గీయడానికి తాళ్ళెక్కేవాడు, నాకు అన్న వరస. కొడుకు చెట్టెక్కే మోకు ముట్టలేదు. మీసం రాకముందే సిరిసిల్ల పోయి సాంచాల మీద పడ్డాడు. సాంచాలంటే మరమగ్గాలు. రేకుల షెడ్డులో అవన్నీ ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కవాడి నోరు కదలడం కనబడుతుంది తప్ప మాట వినబడదు. ఆ మోతలో సగం వయసు గడిపాడు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి మా కోరస్‌లో పాడేవాడు. రానురాను గొంతు ఎటో పోవడం మొదలైంది. నేను ఒక పట్టు పడితే అతడొక పట్టు.

అప్పటికే ప్రోగ్రాంలకు పిలిచేవాళ్ళంతా యూట్యూబ్ పాటలు విని చెడిపోయారు. “కాకా, కింద గుమ్ముమని రావాలె” అనేవాళ్ళు. సరే, బేస్ గిటారు పెడదామన్నాను. నరేందర్ లేచాడు.

“పాట ఇడిచిపెడ్త కాకా. బేస్ నేను వాయిస్త.”

డోలకు వాయించే జితేందర్ నవ్వాడు. “పాట పాడైంది, ఇగ పెట్టె పాడుగావాలె.”

జగిత్యాల దుకాణానికి నేనే తీసుకుపోయాను. గోడకు నిలువెత్తు గిటార్లున్నాయి, ఇనుప తీగలవి. చూస్తేనే స్టేజీ నిండేటట్టున్నాయి. నరేందర్ ఒకటి తీసి మీటి, వెంటనే వెనక్కి పెట్టాడు. ఇంకొకటి, అదీ అంతే. చివరికి మూలనున్న ఒక బుడ్డ గిటారు ఎత్తాడు. యుకులేలే బేస్ అట. పిల్లల ఆటవస్తువంత ఉంది. నాలుగే తీగలు. అవీ ఇనుపవి కావు, నల్లటి రబ్బరు తాళ్ళలాంటివి. దాన్ని డొక్కకు అదిమి పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కొక్క తీగ మీటుతూ కూర్చున్నాడు. అంగడంతా చూస్తోంది.

“ఏందిరా, చంటిపిల్లకు జోల పాడుతున్నవా? దాన్ని స్టేజి మీద పెడితే హార్మోనియం కూన అనుకుంటరు.”

“గిదే కాకా. గా పెద్దయి గట్టి చెక్క. కరెంటు పెట్టె పెడితేనే పలుకుతయి, నా ఒంటికి ఏం తెల్వది. గిది లోపల బోలు. గుండెల తగుల్తుంది.”

“వాయించేది జనానికా, నీ గుండెకా?”

మళ్ళీ కళ్ళు మూసుకుని ఇంకో తీగ మీటాడు. నా పెద్దరికానికి ఆ దుకాణంలో అణా విలువ కూడా దక్కలేదు. అదే కొన్నాడు.

దానికి అతడు చేసే సేవ చూస్తే ఒళ్ళు మండేది. కొత్త తీగలు రోజూ సాగిపోతాయని వారాల తరబడి పొద్దున ఒకసారి, మాపున ఒకసారి బిగించేవాడు. శ్రుతి చూసే చిన్న మిషను గిటారు తల దగ్గర తగిలించి, దానిలో పచ్చలైటు వెలిగేదాకా వదిలేవాడు కాదు. సాంచాల షెడ్డు నుంచి వచ్చిన దూది పీచు బిరడాల్లో ఇరుక్కుంటుందని బ్రష్షుతో దులిపేవాడు. వెనకాల చిన్న బ్యాటరీ ఉంటుంది. పని కాగానే వైరు పీకకపోతే అది ఊరికే ఖర్చవుతుందట. ఎండలో పెట్టనిచ్చేవాడు కాదు. చెమటకు తీగలు జిడ్డయి వేళ్ళు అతుక్కుంటాయని పౌడరు రాసేవాడు.

“ఏం నరేందరన్నా, నీ పిల్లకు చెమట పొక్కులు లేసినయా?” అనేవాడు జితేందర్. “గిన్ని తిప్పలు ఎందుకే, నాలుగు ఇనుప తీగలు గుంజి కట్టరాదు?”

“కడితే గా గుంజుడుకు మీది చెక్క ఊడి నీ మొకానికే తగుల్తది” అనేవాడు నరేందర్. అతడికీ నోరు తక్కువేం లేదు.

మా వాకిట్లో సాధన బాగానే సాగింది. గుండ్రంగా కూర్చుంటాం. నేను ఆపమన్న చోట ఆగాడు. తీరా కోరుట్లలో ఒక సంఘం వార్షికోత్సవం రోజు స్టేజీ మీద నేను ముందు, వాళ్ళు నా వెనక. చివరి చరణం వచ్చింది. ‘ఆపు’ అన్నాను. అందరూ ఆగారు. గుమ్... గుమ్... గుమ్... ఆ బుడ్డది ఆగదే! మళ్ళీ అన్నాను. ఆగలేదు. ముందు వరుసలో ఆడపిల్లలు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నా పట్టు అక్కడే చచ్చింది. చప్పట్లు పడలేదు.

దిగగానే అడిగాను. “నేనేమన్న కుక్కనా, మొరిగితే ఇనకపోనీకి?”

“ఇనలే కాకా” అన్నాడు తల పక్కకు తిప్పుకుని.

అది పొగరు కాక ఏమిటి? “జగిత్యాలకు రాకు. నీ జోలపాట నీ ఇంట్ల పాడుకో” అన్నాను. జగిత్యాల ప్రోగ్రాం చిన్నది కాదు, జిల్లా మొత్తం నుంచి బృందాలొస్తాయి.

మరునాడు అతడి భార్య వజ్రమ్మ వచ్చింది. చెప్పులు కూడా విడవలేదు, గడపలోంచే మొదలుపెట్టింది.

“ఏం మామా, శాలువలు ఎక్కువై కండ్లు మూసుకపోయినయా? ఆయనకు మాట ఇనవడ్తలేదు. సాంచాలు చెవులు తినేసినయి. సప్పుడు తెలుస్తది, మాట తెల్వది. గా గుమ్ము పొట్టల కొడ్తుంటే పక్కోల్లు ఆగింది గూడ తెల్వది. నోరు జూసి అర్థం చేసుకుంటడు. ఎనుక కూసోవెట్టి ఆపు అంటే ఏం జూసి ఆపాలె, నీ ఈపు జూసా?”

“మరి నాకెందుకు చెప్పలె?”

“సాంచాల ఆసామికి తెలిస్తే పనిలకెల్లి తీసేస్తడని భయం. నీకు చెప్తే మైకుల చెప్పినట్టే గదా!”

ఆ మాటకు నేను లేచి నిలబడ్డాను. ఆమె ఇంకా ఎత్తుగా నిలబడింది.

“పాట పోయింది. ముచ్చట్లు పోయినయి. బిడ్డ ఫోన్ జేస్తే నాకే ఇస్తడు. గా బుడ్డదాన్ని పొట్టకు పెట్టుకున్నప్పుడే మనిషి మనిషి లెక్కుంటడు. అదిగూడ నువ్వే గుంజుకుంటవా? గుంజుకో. నీ పెట్టెల ఇంకో శాలువ వడ్తది.”

చెప్పేదంతా చెప్పి చరచరా వెళ్ళిపోయింది. నేనేమన్నా వినేటట్టు లేదు.

సాయంత్రం సాధనకు నరేందర్‌ను పిలిపించాను. వచ్చీ రాగానే తగులుకున్నాడు.

“నా పెండ్లాం ఒర్రిందని జాలివడి పిలుస్తే నేను రాను కాకా.”

“జాలా? నా చరణం ఖూనీ చేసినోని మీద జాలా? చెవుడని చెప్తే ఏం పోయింది నీకు?”

“నీ ఎదురుంగ కూసుంట. నీ నోరు కనవడాలె. అట్లయితేనే వస్త.”

“స్టేజి మీద జనానికి మొకం పెట్టి పాడేటోన్ని. నీకోసం జనానికి ఈపు చూపియ్యాల్నా?”

“చూపియ్యకు. ఇంకోన్ని దేవులాడుకో.”

బుడ్డ గిటారు సంచిలో పెట్టి, తీగలకు గుడ్డ కప్పి, జిప్పు లాగాడు. గేటు దాకా పోయాడు. జితేందర్ నా మొహం చూస్తున్నాడు. నేను ముప్ఫై ఏళ్ళలో ఎవరి కోసమూ నా చోటు మార్చలేదు. కానీ ఒకటి నిజం. ఆ గుమ్ము లేకపోతే నా పాట బోసిపోతుందని కొన్నాళ్ళుగా నా చెవికి తెలుసు. నా చెవి మాత్రం నాతో అబద్ధమాడదు.

“కూసో” అన్నాను. వినబడి ఉండదు. చెయ్యి ఊపాను.

జగిత్యాలలో హార్మోనియం అడ్డంగా తిప్పుకుని కూర్చున్నాను. జనానికి నా సగం మొహమే కనబడుతుంది. నిర్వాహకుల్లో ఒకడు పరుగెత్తుకొచ్చాడు.

“పెద్దమనిషీ, ఇటు తిరుగు, ఫొటోల మొకం వస్తలేదు.”

“మొకం కావాలంటే నువ్వే ఇటు రా” అన్నాను.

చివరి చరణం వచ్చింది. నరేందర్ నా పెదాల మీదే చూపు పెట్టి, ఆ బుడ్డదాన్ని డొక్కకు అదుముకున్నాడు. ‘ఆపు’ అన్నాను. అన్నీ ఆగాయి, అదీ ఆగింది. నా గొంతు ఒక్కటే లేచింది. చప్పట్లు ఎట్లా పడ్డాయో జగిత్యాల వాళ్ళనే అడగండి, నేను చెబితే గొప్ప చెప్పుకున్నట్టుంటుంది.

ఆ తర్వాత ఆసామికి చెవి సంగతి నరేందరే చెప్పుకున్నాడు. ఆసామి పని మాన్పించలేదు కాబట్టే ఇది రాయగలుగుతున్నాను. నాకు ముందే చెప్పకపోవడం తప్పేనని ఇప్పటికీ అంటాను. ఆ రోజు జగిత్యాల స్టేజీ దిగాక దండమైనా పెడతాడేమో అనుకున్నాను. తీగలు తుడుచుకుంటూ తలెత్తి ఇలా అన్నాడు:

“కాకా, చివర్ల జర తొందరపడ్డవ్. ఇంకో దెబ్బ ఆగి ఆపాల్సుండె.”

“నాకు నేర్పుతున్నవా?”

“నోరు సరిగ తెరువు, కనవడ్తలే” అన్నాడు.