కొసరు మామిడిబద్ద

మేము పనికొచ్చిన దేశాన్ని ఇరాక్ ఆక్రమించిన రోజులవి. హవల్లీలో మా వీధికి రెండు కొసల్లోనూ ఇరాకీ సైనికులు కాపలా పెట్టారు. ఇంటింటికీ సోదా. అది ముగిసేదాకా ఎవరూ వీధిలోకి రాకూడదన్నారు. మేము మేడ కింది తలుపుకు బియ్యం బస్తాలు అడ్డం పేర్చి, కోట కట్టేశామనుకున్నాం. తుపాకీ ముందు బియ్యం బస్తా ఎంతసేపు ఆగుతుందో, కిరాణా కొట్టులో పుట్టి పెరిగిన నాకు తెలియకపోలేదు.

పై అంతస్తులో రాయచోటి దర్జీ భార్య ఉండేది. భర్త పనికని వెళ్లి సాల్మియాలో చిక్కుకుపోయాడు. బెదురుకు ఆమెకు పాలు ఎగిరిపోయాయి. పసిబిడ్డకు కలిపే పాలపొడి కూడా అయిపోయింది. బిడ్డ ఏడ్చే ఓపిక లేక మూలుగుతుంటే మేడంతా వినపడేది.

మా గుమ్మం పక్క కొట్టు తాళం పగలగొట్టి, ఒక సైనికుడు అక్కడే కాపలా కూర్చున్నాడు. వెనక పాలడబ్బాలు. వాడి ముఖం నిండా ఆకలి. బస్తాలు కాస్త జరిపి, బేరానికి నేను బయల్దేరాను. ఆమె అన్నం గిన్నెతో నా వెనకే వచ్చింది.

డబ్బాకు బదులు గిన్నె మొత్తం కావాలన్నాడు వాడు.

"సగం," అన్నాను, నాకొచ్చిన అరబ్బీలో.

"లా." కుదరదన్నాడు.

చెయ్యి విదిల్చి వెనక్కి తిరిగాను. కడప బజారులో అలా నాలుగడుగులు వేస్తే చాలు, "రా న్నా, రా" అని పిలుపొస్తుంది. ఇక్కడ పిలుపు రాలేదు. తుపాకీ కదిలిన చప్పుడొచ్చింది. నేను నేర్చిన బేరమంతా అక్కడే వదిలేసి ఆగిపోయాను.

"ఏం న్నా, గొర్రెపిల్లను కొనేకొచ్చినావా? బిడ్డ నోరెండిపోతాంటే ఈడ అలిగి పోతావా! జరుగు," అందామె.

గిన్నె మొత్తం వాడి ముందు పెట్టింది. పైగా కొంగు చాటునుంచి చిన్న సీసా తీసి, అన్నం మీద ఒక ఆవకాయ బద్ద వేసింది. వాడు డబ్బా ఇచ్చాడు.

మెట్లెక్కుతూ గొణిగాను: "వాడు అడగనేలేదు గదమ్మా, కొసరెందుకు ఏసినావు?"

"ఈ డబ్బా అయిపోతే మళ్లా యాడికి పోతాం న్నా? వాడికి మన గుమ్మం గుర్తుండొద్దా?"

బిడ్డ తాగి నిద్రపోయింది. మేడ నిశ్శబ్దమైపోయింది. అంతవరకూ ఆ మూలుగుకు భయపడ్డవాళ్లం, ఇప్పుడు నిశ్శబ్దానికి భయపడి, ఒకరి తర్వాత ఒకరం పైకి వెళ్లి బిడ్డ ఊపిరి చూసొచ్చాం.

మర్నాడు కాపలా ఎత్తేశారు. బస్తాలు జరిపి తలుపు తీస్తే గుమ్మంలో ఆ గిన్నె, గిన్నెలో ఇంకో పాలడబ్బా. వాడు లేడు. ఆమె డబ్బా పైకి తీసింది. అడుగున, తెల్లగా చీకి వదిలేసిన టెంక.