కందికట్టె బొగ్గు

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాది, నాన్న నన్ను తాండూరులో మేనత్త ఇంట్లో వదిలి వికారాబాద్‌లో తన పనికి వెళ్లిపోయాడు. అత్త మంచిదే. కానీ ఆమెకు నలుగురు పిల్లలు, ఇంటెడు చాకిరీ. నేను అన్నం తిన్నానో లేదో చూసేది గానీ, ఎందుకు మాట్లాడటం లేదో అడిగే తీరిక ఉండేది కాదు. వాళ్ల పనుల్లో ఏదో ఒకటి అందుకుంటేనే నన్ను అక్కడ ఉండనిస్తారని అనుకునేదాన్ని. పని లేనప్పుడు గడప మీద కూర్చుని, నాపరాళ్లు పరిచిన సందును చూస్తూ ఉండేదాన్ని.

పక్కింటి ఆమెను ఉర్దూలో పిన్ని అనే అర్థంతో ఖాలా అని పిలిచేవాళ్లం. ఒంటరి మనిషి. భర్త పోయాక ఆయన చేసే అద్దకం పని తనే చేసేది. పాత చీరలకు, దుపట్టాలకు రంగులు వేసేది. మిగిలిన రంగునీళ్లు సందు కాలువలో పారి, చివరనున్న గుంటలో చేరేవి. ఒకరోజు గేదెలు కాసుకునే ఆయన ఆమె వాకిట్లో నిలబడి అరిచాడు.

"గా ఎర్రనీళ్లకు నా బర్లు మూతి పెడ్తలేవు. రంగులన్న బంద్ చెయ్, లేకుంటె ఇల్లన్న ఖాళీ చెయ్!"

ఆ పని పోతే ఖాలాకు తిండి ఎట్లా అని మా అత్త లోపల గొణిగింది గానీ, బయటికి వచ్చి చెప్పలేదు.

మర్నాడు ఖాలా, కంది కోతయ్యాక మిగిలే కందికట్టె కాల్చి, నీళ్లు చల్లి ఆర్పి, ఆ బొగ్గును దంచుతూ కనిపించింది. బావినీళ్లు వాసన వస్తే వాళ్లమ్మ బొగ్గులో వడగట్టేదట. అడుగున చిల్లున్న కుండలో గుడ్డ, ఇసుక, వాటి మీద బొగ్గు నింపి రంగునీళ్లు పోసింది. నల్లటి నీళ్లు దిగాయి. బొగ్గు కడిగి మళ్లీ పోసింది. ఈసారి గులాబీ రంగు. బొగ్గును ఇంకా మెత్తగా దంచి నింపి, గడప మీదున్న నన్ను పిలిచింది.

"బేటీ, జర ఇట్ల రా. బొట్టు బొట్టు పడ్తదా లేదా చూస్కుంట కూసో."

రోజూ బడి కాగానే ఆ కుండ దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఒకనాడు అత్త నన్ను బజారుకు పంపింది. ఆలస్యమైంది. నేను లేక కుండ ఆగిపోయి ఉంటుందని, ఇక ఖాలాను వెళ్లగొడతారని ఏడ్చుకుంటూ వచ్చాను. కింది గిన్నె నిండి ఉంది. నీళ్లు తేటగా, అడుగు కనిపించేటట్టు ఉన్నాయి. ఖాలా కొంగుతో నా ముఖం తుడిచింది.

"నువ్వు లేకున్నా పడ్తది బేటీ. నువ్వు పక్కన కూసుంటె నాకు మంచిగనిపిస్తది. గందుకే పిలుస్తున్న."

తేటనీళ్లే కాలువలో పారిన వారానికి బర్లు ఆ గుంటలో నీళ్లు తాగాయి. ఆయన మళ్లీ రాలేదు. రంగు పట్టిన బొగ్గును ఖాలా పెరట్లో గుంత తీసి పూడ్చేది. "రంగు యాడికి పోలే, గీండ్లనే కూసున్నది" అనేది. సందులో వాళ్లు మాత్రం ఎప్పటిలాగే బట్టలు గుమ్మం బయటే ఇచ్చి వెళ్లేవారు, లోపలికి వచ్చి ఆమె పక్కన కూర్చునేవారు కాదు.

తరువాతి ఎండాకాలం నాన్న వచ్చి నన్ను తీసుకుపోయాడు. ఖాలాను మళ్లీ చూడలేదు. ఆ తరువాత కూడా ఒంటరిగానే చాలా కాలం గడిచింది. అయినా ఇవాళ్టికీ ఎవరి పక్కనైనా కూర్చోవాలనిపిస్తే, చేతిలో ఏ పనీ లేకుండానే వెళ్లి కూర్చుంటాను.