అక్కా, నేను వినిపిస్తున్నావా?

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదట్నుంచీ చిరాకు. మాది భీమవరం నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. అమెరికాలో మేముండే నోవైలో ప్రతి ఆదివారం తెలుగు చర్చికి వెళ్తాం. చనిపోయినవాళ్ళు ప్రభువు దగ్గర ఉంటారు, మన చుట్టూ తిరగరు అని వింటూ పెరిగాను. పైగా కార్లలో వచ్చే వింత చప్పుళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టడం నా ఉద్యోగం. కారణం లేని చప్పుడు నాకెప్పుడూ తగల్లేదు. అందుకే ఇది రాయడానికి ఏడాది పట్టింది.

మా తమ్ముడు జోయెల్ నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. నాకు ఏడేళ్ళప్పుడు అమెరికా వచ్చాం, వాడు ఇక్కడే పుట్టాడు. వాడి తెలుగు వింటే నవ్వాగేది కాదు. ఫోన్ చేస్తే మొదటి మాట, "అక్కా, నేను వినిపిస్తున్నావా?" 'వినిపిస్తున్నానా' అనాల్రా మొద్దూ అని ఎన్నేళ్ళు మొత్తుకున్నానో! మారలేదు. స్టేజీ మీద మైక్ సరిచూసేటప్పుడు అందరూ వన్, టూ అంటారు. వీడు అక్కడా అదే అనేవాడు.

జోయెల్, వాడి స్నేహితులు నిఖిల్, ట్రెవర్ కలిసి చిన్న బ్యాండ్ పెట్టుకున్నారు. వేసవిలో ఒహాయో, ఇండియానా, ఇల్లినాయి రాష్ట్రాల్లోని మూడు చిన్న ఊళ్ళలో వాయించడానికి బుక్ చేసుకున్నారు. ఈలోగా ఫిబ్రవరిలో మంచు మీద కారు జారి జోయెల్ పోయాడు.

అంతకు అరగంట ముందు నాకు ఫోన్ చేశాడు. నేను మీటింగ్‌కి పరిగెడుతున్నాను. "అక్కా, నేను వినిపిస్తున్నావా?" అన్నాడు. పక్కన నిలబడి మాట్లాడినంత స్పష్టంగా వినిపించింది. "వినిపించట్లేదురా, తర్వాత చెయ్యి" అని కట్ చేశాను. ఈ సంగతి అమ్మకి కూడా చెప్పలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోరు జారలేదు కూడా, కావాలనే అన్నాను.

మిగిలిన ఇద్దరూ ఆ మూడు ఊళ్ళూ వెళ్ళొద్దామన్నారు. వ్యాన్ డ్రైవ్ చేయడానికి నేనూ బయల్దేరాను. వాడు చూడాలనుకున్న చోట్లు చూస్తే మనసు కుదుటపడుతుందేమో అనుకున్నాను. స్టేజీ మీద ఎడమ పక్క జోయెల్ మైక్ అలాగే పెడదామన్నాడు నిఖిల్. సరేనన్నాను.

మొదటిది ఒహాయోలో మొక్కజొన్న చేల మధ్య ఒకే ఒక వీధి ఉన్న ఊరు. పాత ధాన్యం గోదాముని పాటల హాలుగా మార్చారు. మధ్యాహ్నం సామాను దించి, మైకులు అమర్చి, ముగ్గురం భోంచేసి వచ్చాం. సౌండ్ చూసే ముసలాయన హెడ్‌ఫోన్ తీసి, ఇందాక ఎడమ మైక్‌లో మాట్లాడింది మీలో ఎవరు, అది ఏ భాష అని అడిగాడు. ఎవరమూ కాదన్నాం. ఆయన విన్నది విన్నట్టు పలికి చూపించాడు.

"ఆకా, నేను వినిపిస్టున్నావా?"

'నానా' కాదు. 'నావా' అన్నాడు.

మాలో నేను కాక తెలుగొచ్చింది ఇల్లినాయిలోని అరోరాలో తెలుగు ఇంట్లో పెరిగిన నిఖిల్‌కే. వ్యాన్ వెనక్కి లాక్కెళ్ళి దులిపేశాను. "సిగ్గుందా నీకు? పోయినవాడితో పరాచికాలా?"

"ప్రామిస్ అక్కా, నేనెందుకట్ల చేస్తా? వాడు నా బెస్ట్ ఫ్రెండ్ కదా" అని భోరుమన్నాడు. ఆ గంటా అతను నా ఎదురుగానే కూర్చుని తిన్నాడు. కోపంలో ఆ సంగతే మర్చిపోయాను. ఛీ, నా నోరే అంత.

ఆ సాయంత్రం ఒక్కొక్కటే పరీక్షించాను. అది వైరున్న మైక్, గాల్లోంచి వేరే మాటలు పట్టేది కాదు. బ్యాండ్ లాప్‌టాప్‌లో ఉన్న రికార్డింగులన్నీ విన్నాను, జోయెల్ గొంతు ఎక్కడా లేదు. ఇండియానా వెళ్ళేముందు మైక్, వైరు రెండూ మార్చేశాను. అక్కడ బౌలింగ్ ఆడే చోటు వెనకాల హాలు. సౌండ్ చూసేది ఒక చిన్నమ్మాయి. ఆమెకు మేమేమీ చెప్పలేదు. నేను ఆ మైక్‌కి రెండడుగుల దూరంలోనే ఉన్నాను, నాకేమీ వినబడలేదు. ఆమె మాత్రం తలెత్తి, 'ఆకా' అంటే ఎవరని అడిగింది.

ఇల్లినాయిలో నది ఒడ్డున పాత డాన్స్ హాలు. నిఖిల్‌నీ ట్రెవర్‌నీ తినడానికి పంపేసి, ఆఫీస్ పనికి వాడే రికార్డర్ ఆన్ చేసి మైక్ ముందు నిలబడ్డాను. హాలు ఆ చివర సౌండ్ చూసే ఆయన ఒక్కడే. హెడ్‌ఫోన్ తీయొద్దని ఆయనకు చెప్పాను.

"జోయెల్, వినిపిస్తున్నావురా. ఆ రోజు కూడా వినిపించావు. అబద్ధం చెప్పాను నాన్నా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి ఆయన చెయ్యెత్తాడు.

"టెల్సు అంటే ఏంటి?"

తెలుసు. అమ్మ ఏం చెప్పబోయినా వాడు అలాగే అడ్డుపడేవాడు, 'తెల్సు' అని. హాలు ఆ చివరికి నడిచి వెళ్ళి ఆయన్ని ఒకటే అడిగాను. కోపంగా అన్నాడా, మామూలుగా అన్నాడా? "చెప్పలేనమ్మా, చిన్న గొంతుతో అన్నాడు, అంతే" అన్నాడాయన.

ఇది ఏమిటో నాకు తెలియదు. చప్పుళ్ళు వెతికే ఉద్యోగం చేస్తూ కూడా ఒక్క కారణం చూపించలేకపోయాను. పాస్టర్‌గారిని అడిగే ధైర్యం లేదు. ఆ రికార్డింగ్ నా దగ్గరే ఉంది. నా ఏడుపు, ఆ తర్వాత ఆయన ప్రశ్న. మధ్యలో తొమ్మిది సెకన్ల ఫ్యాన్ చప్పుడు. ఆఫీస్‌లో అందరూ వెళ్ళిపోయాక వాల్యూమ్ ఎంత పెంచగలనో అంతా పెంచి వింటాను.

వినిపించట్లేదురా. ఈసారి అబద్ధం కాదు.