మా తోడికోడలు కుండ ఎత్తుకోనంది

ఆదివారం పొద్దున మా ఇంట్లో వంట పని నాది. మా తోడికోడలు చర్చికి వెళుతుంది. శుక్రవారం నేనూ మా అత్తా తలకు పోసుకొని గంగమ్మ గుడికి వెళితే ఇంటి పనంతా ఆమె చూసుకుంటుంది. ఆమె పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఇంతే. ఆమె పుట్టింటివాళ్ళది ఆ దారి, మాది ఈ దారి. చేపల పులుసు మాత్రం ఒకటే చట్టిలో ఉడుకుతుంది. పులుపు చాలలేదని ఆమె, ఎక్కువైందని నేను పోట్లాడుకోవడం కూడా ఆ పొయ్యి దగ్గరే.

మొన్నటి ఎన్నికల్లో మా ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్ళకు వచ్చింది. మాది పులికాట్ ఒడ్డున చిన్న పల్లె. ఎండాకాలంలో బోరు నీళ్ళు ఉప్పెక్కిపోతాయి. మాకు నీళ్ళ ట్యాంకర్ వచ్చేటట్టు మండలాఫీసు చుట్టూ తిరిగింది మా తోడికోడలే. అక్కడ ఎవరైనా "రేపు రామ్మా" అంటే, "రేపటి బస్సు చార్జీ నువ్విస్తావా సార్?" అని అక్కడే కూర్చునే రకం. అందుకే వీధిలో ఆడవాళ్ళందరూ నిన్నే నిలబెడతామన్నారు. నిలబడింది.

నామినేషన్ వేసొచ్చాక ఊరి కాపులు, అంటే మా పల్లె పెద్దలు, మా వాకిట్లోకి వచ్చారు. మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. గంగమ్మ జాతరకు మొదటి పొంగలి కుండ సర్పంచ్ ఇంటి నుంచే కదలాలి. సర్పంచ్ ఆడమనిషైతే తనే ఎత్తుకోవాలి.

"నువ్వు చేసిన పని మేం కాదనం తల్లీ. నీ దేవుడు నీకు. రేపు గెలిస్తే కుండ ఎత్తుకుంటావా? ఆ మాటొక్కటి చెప్పు, ఊరంతా నీకే వేస్తాది" అన్నాడు పెద్దకాపు.

ఆమె నోరు తెరిచేలోపే మా అత్త చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కొచ్చింది.

"ఎత్తుకుంటానని చెప్పెయ్‌మే. జాతర నాటికి చూసుకుందాం. ఓట్లయ్యేదాకా కాస్త బొట్టు గూడా పెట్టుకో. నీ సొమ్మేం పోతాది?"

"ఎత్తుకోనిదాన్ని ఎత్తుకుంటానని ఎట్టా చెప్పేది అత్తా?"

"అందరూ చెప్పేదేగదా!"

"ఓట్లయ్యేదాకా నీ గంగమ్మని పక్కన పెట్టమంటే పెడతావా?"

"నోర్ముయ్! నేనేమన్నా సర్పంచికి నిలబడి ఉండానా?"

నాకు నవ్వు ఆగలేదు. ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు.

ఆమె బయటికి వెళ్ళి పెద్దకాపుతో చెప్పేసింది. "కుండ నేను ఎత్తుకోలేను మామా. జాతర మాత్రం ఆగనియ్యను. నీళ్ళు, లైట్లు, దారి నేను చూస్తా. కుండ మా అత్త ఎత్తుకుంటాది. ఇంటికి పెద్ద ఆమేగదా. ఇష్టమైతే వేయండి."

వాళ్ళు టీ తాగి, సరేననీ అనక కాదనీ అనక వెళ్ళిపోయారు. నిజం చెప్పాలంటే నాకూ లోపల గుబులు పుట్టింది. అమ్మవారు కోప్పడితే చేపల వేటకు పోయే మగవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు కదా.

ఓటడగడానికి వచ్చినవాళ్ళకు మా వైపు ఎర్రనీళ్ళు దిగదుడిచి బొట్టు పెడతారు. అవతలి అభ్యర్థికి ప్రతి గడపలోనూ పళ్ళెం ఎదురొచ్చింది. మా తోడికోడలు వస్తుంటే ఒకరు పిల్లకు జడ వేస్తూ కూర్చున్నారు, ఇంకొకరు పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పోయారు. అటు చర్చివాళ్ళేమో నువ్వు ఆ ఎర్రనీళ్ళ హారతి తీసుకోకూడదన్నారు. రాత్రి అన్నం కలుపుకొని అలాగే కూర్చుండిపోయేది. ట్యాంకర్ దగ్గర తన చేత బిందెలు ముందు పెట్టించుకున్న ఆడవాళ్ళే మొహం తిప్పుకున్నారని ఆమె బాధ. మా అత్త ఆమెతో మాటలు మానేసింది.

ప్రచారం చివరికి మా వీధికి వచ్చింది. సొంత గడప కూడా అడగాలి కదా, మా వాకిట్లో వచ్చి నిలబడింది. వీధి వీధంతా చూస్తోంది. మా అత్త ఎర్రనీళ్ళ పళ్ళెంతో బయటికి వచ్చింది. ఏం చేస్తుందోనని నేనూ వెనకాలే గడప దాటి వచ్చాను. చుట్టూ తిప్పి దిగదుడిచింది. పళ్ళెంలోని కుంకుమ భరిణె జోలికి పోలేదు. నీళ్ళు వీధిలో పారబోసి, "ఊరి కళ్ళన్నీ దీని మీదే ఉండాయి. దిష్టికి మతమేంది?" అంది.

ఎదురింటామె ఊరుకోలేదు. "బొట్టు మరిచిపోయినావే పెద్దమ్మా!"

"మరవలేదులే. అది వద్దంది, నేను పెట్టలేదు. పెట్టుకోమని నేనే బతిమాలినా. మొగుడి తల్లిని, నేనడిగినా అబద్ధం చెప్పలా. ఇంక నీకేం చెప్తాది?"

ఎదురింటామె నవ్వేసింది. తోడికోడలు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పక్కింటివైపు నడిచింది. అక్కడ పళ్ళెం బయటికి వచ్చింది, కుంకుమ లేకుండా. అన్ని ఇళ్ళలోనూ రాలేదు. ఆమె గెలవడం కూడా బొటాబొటీగానే గెలిచింది.

మనిషి మతం చూడాలా వద్దా అంటే నాకు తెలిసింది ఇంతే. ఎవరికి మొక్కుతుందో నేనూ చూశాను. ఓటు కోసం ఆ మొక్కును దాచుకుంటుందా అని ఇంకా బాగా చూశాను.

జాతర దగ్గర పడింది. మా అత్తకు మోకాళ్ళు వంగవు. కుండ నెత్తిన పెట్టుకొని గుడిదాకా ఇసుకలో నడవాలి. సాయంత్రమైతే సర్పంచ్ గారు కింద కూర్చొని ఆమె కాళ్ళకు నూనె రాస్తోంది.

"ఎత్తుకుంటానని ఆపొద్దు ఒక్క మాట అనుంటే నాకీ తిప్పలు ఉండేవా?" అని మా అత్త సణుగుతోంది.

"మాట్లాడబాక. ఆ కాలు కూడా చాపు."