రుబ్బురోలు నాడి

నా చిన్నప్పుడు వానలకు ముందు మా ఇంట్లో విత్తనాలకని వేరుసెనగ కాయలు ఒలిచేవాళ్లు. మాది రొద్దం దగ్గర పల్లె. మిషన్‌కు వేస్తే పప్పు మీద పొర చిట్లి మొలక రాదని అంతా చేతులతోనే. బొటనవేలితో నొక్కి నొక్కి, సాయంత్రానికి ఇంటిల్లిపాదికీ వేళ్లు ఉబ్బి సలిపేవి. ఆ సలుపు వల్ల మా అవ్వ ప్రాణం పోయినంత పనైందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

ఆ రోజు పొద్దున్నుంచి అవ్వకు వాంతులు, విరేచనాలు. మధ్యాహ్నానికి ఆగిపోయాయి. ఇక తేలికపడిందనుకుని, నడవలో రుబ్బురోలు పక్కన మంచం వేసి పడుకోబెట్టారు. అందరూ చుట్టూ కూర్చుని కాయలు ఒలుస్తున్నారు. అవ్వ కళ్లు సగం తెరిచే ఉన్నాయి కానీ ఎవరినీ చూడటం లేదు. రెప్ప మీద ఈగ వాలినా కదల్లేదు. నాకు భయం వేసి అమ్మ వెనక్కి జరిగాను.

మధ్యమధ్యలో ఎవరో ఒకరు లేచి అవ్వ మణికట్టు మీద బొటనవేలు ఆనించేవాళ్లు. మా పల్లెలో నాడి అలాగే చూసేవాళ్లు. పెదనాయన చూసి, నిదానంగా గట్టిగా కొట్టుకుంటోందన్నాడు. ఆయన మాటంటే మా ఇంట్లో వేదం. కాసేపటికి మా అత్త చూసి, పరుగు పెడుతోందంది. ఒకే చేతిలో రెండు రకాల నాడి ఏమిటని ఎవరికీ అనుమానం రాలేదు. నేనూ ధైర్యం చేసి పట్టుకున్నాను. చేయి నీళ్ల కడవ అడుగులా చల్లగా, చెమ్మగా ఉంది. ఆ చల్లదనంలోంచే ఏదో దబ్ దబ్‌మని కొట్టుకుంది. వెంటనే వదిలేశాను.

దీపాలు పెట్టే వేళకు పక్కింటి అక్క వచ్చింది. ఆమె పెనుకొండ ఆసుపత్రిలో నర్సు. బస్సు దిగి, సంగతి విని నేరుగా మా ఇంటికే వచ్చింది. అవ్వ మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి చాలాసేపు కదలకుండా ఉంది. తర్వాత మెడ పక్కన పెట్టింది. చేతి గడియారం చూసుకుంటూ అవ్వ ఊపిరి లెక్కపెట్టింది.

"చేతిలో నాడి అందల్యా. మెడ కాడ సన్నగా ఉరుకుతాండాది, అంతే. జల్దీ బండి చూడప్పా, ఆసుపత్రికి పోవల్ల," అంది.

పెదనాయనకు కోపం వచ్చింది. "ఇప్పుడే చూసినా గదమ్మా, గట్టిగా కొట్టుకుంటాండాది. నిద్రపోయే ముసిల్దాన్ని బండిలో ఏసి కుదపల్లా?"

అక్క ఆయన చేయి పట్టుకుని, బొటనవేలిని రుబ్బురోలు మీద పెట్టి అదిమింది. "ఈడ చూడు. దీనికీ కొట్టుకుంటాండాది."

ఆయన చటుక్కున చేయి లాక్కుని బయటికి పరుగెత్తాడు. మిగిలినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు రోలు మీద వేలు పెట్టి చూశారు. నేనూ పెట్టాను. అవ్వ చేతిలో కొట్టుకున్నదే ఆ నల్లరాయిలోనూ కొట్టుకుంది. మధ్యాహ్నం నుంచి మేమంతా ఎవరి నెత్తురు చప్పుడు వాళ్లే విని, అవ్వ బాగుందనుకున్నాం.

పెదనాయన తెచ్చిన ట్రాక్టర్‌లో అవ్వతోపాటు అమ్మా నేనూ ఎక్కాం. బొటనవేలికి దాని నాడి దానికి ఉంటుందని, ఉబ్బి సలుపుతుంటే అది మరీ గట్టిగా తెలుస్తుందని అక్క దారిలో చెప్పింది. ఒంట్లో నీరంతా పోయిందని, ఇంకాస్త ఆలస్యమైతే అవ్వ దక్కేది కాదని డాక్టర్ అన్నాడు. సెలైన్లు ఎక్కాక, మర్నాడు అక్క నా చూపుడువేలూ మధ్యవేలూ పట్టుకుని అవ్వ మణికట్టు మీద పెట్టింది. మొదట ఏమీ తెలియలేదు. మెత్తగా ఆనించమంది. అప్పుడు అందింది, గోడ అవతల ఎవరో నడుస్తున్నట్టు. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పటి నుంచి ఎవరికి బాగాలేకపోయినా నేను ఆ రెండు వేళ్లతోనే చూస్తాను. వేలికి తగిలించే మిషన్ ఒకటి మనవడు కొనిచ్చాడు. అది ఏ అంకె చూపించినా, మనిషి చేయి వెచ్చగా ఉందో లేదో చూడందే నాకు నమ్మకం కుదరదు. నిరుడు హిందూపురం ఆసుపత్రిలో మా ఆయనకూ అలాగే చూశాను. వేళ్ల కింద ఏమీ లేదు. డాక్టర్ చెప్పకముందే నాకు తెలిసిపోయింది. అందరినీ కాసేపు బయటికి పొమ్మన్నాను. తలుపు వేసుకుని, తెలిసి తెలిసీ ఆయన మణికట్టు మీద బొటనవేలు పెట్టాను. కొట్టుకుంది. వాళ్లు తలుపు తట్టేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.