సాక్ష్యం చెప్పినాక మింగిన మాత్రలు

డెబ్బైల చివర్లో ఒక ఆదివారం, ఆళ్లగడ్డ గుడిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. చర్చిని మేము గుడి అనే అంటాం. జబ్బు నయమైనా, ఉద్యోగం వచ్చినా, దేవుడు చేసిన మేలును అందరి ముందూ చెప్పుకోవడం మా ఆనవాయితీ. కాన్పయ్యాక ఆరు నెలలు ఏడుస్తూ పడి ఉన్న నన్ను ప్రార్థనే లేపిందని, నంద్యాల డాక్టరు ఇచ్చిన మాత్రలు పారేశానని చెప్పాను. పారేసిన మాట నిజమే. ఆ మాత్రలు వేసుకున్నాకే లేచానన్న మాట మాత్రం దాచాను. ఆడవాళ్ళంతా స్తోత్రం అన్నారు, మా అత్త కళ్ళు తుడుచుకుంది. నలుగురూ మెచ్చుకుంటే ఒళ్ళు మరిచిపోయే గుణం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

మూడు నెలలు తిరక్కుండానే జబ్బు మళ్ళీ వచ్చింది. బడిలో పిల్లలకు బోర్డు మీద సగం లెక్క చేసి, మిగతా సగం తోచక అట్లాగే నిలబడేదాన్ని. పుస్తకాలు కొనాలని ఇంట్లో అబద్ధం చెప్పి, ఒక్కదాన్నే బస్సెక్కి నంద్యాల పోయాను. డాక్టరు పాత మాత్రలే రాశాడు.

"పొద్దున తిన్నాక ఏసుకోమ్మా. రాత్రి పూట వద్దు, నిద్ర చెడుతుంది. మొదట్లో గుండె దడగా ఉంటాది, ఓర్చుకో," అన్నాడు.

ఓర్చుకోవడం సరే, పొద్దున ఎక్కడ వేసుకోను? మా అత్తది గడివేముల. పాపను చూసుకోవడానికి మా దగ్గరే ఉంటోంది. పొద్దున కుటుంబ ప్రార్థన మొదలు నేను బడికి పోయేదాకా ఎదురుగానే ఉంటుంది. బడిలో టీచర్లంతా మా గుడివాళ్ళే. పైగా మొదటిసారి జబ్బు చేసినప్పుడే అత్త కచ్చితంగా చెప్పింది: "ఇంకోసారి ఇట్లయితే బిడ్డను మా ఊరికి తీస్కపోతా." అందుకని మాత్రలను సుద్దముక్కల డబ్బాలో దాచి, రాత్రి అందరూ పడుకున్నాక, మా ఆయనకు కూడా తెలియకుండా ఒకటి మింగేదాన్ని. రోజుకు ఒకటే కదా, ఏ పూటయితే ఏంలే అనుకున్నాను. పిల్లలకు పాఠాలు చెప్పేదాని తెలివి అంత!

ఇక నిద్ర అన్నది లేదు. కాళ్ళలో చీమలు పాకినట్టుండేది. గుండె చప్పుడు దిండులోంచి వినపడేది. మందు వల్ల ఇట్లా అవుతోందా, పిచ్చి ముదురుతోందా తెలియదు. అడుగుదామంటే మనిషి లేడు. భయం, వట్టి భయం. పక్కన పాప నిద్రలో కదిలితే ఉలిక్కిపడేదాన్ని. ఐదో రాత్రి నా చాప గోడవతలికి లాక్కున్నాను. తొమ్మిదో రాత్రి వంటింట్లో కత్తిపీట తీసుకుపోయి పెరట్లో కట్టెల కింద పెట్టి వచ్చాను. ఎందుకు పెట్టానో నాకు నేను కూడా చెప్పుకోలేదు.

తెల్లారి అత్త వంకాయలు ముందరేసుకుని వంటిల్లంతా వెతికింది.

"ఏం మే, కత్తిపీట యాడ?"

తెచ్చి ఇచ్చాను. దాని మీద మన్ను చూసి, నా మొహం చూసింది. ఆమె ఇంకొక్క మాట అడగక ముందే అంతా చెప్పేశాను.

"సాక్ష్యం చెప్పినోళ్ళు మాత్రలు మింగుతారా?" అని కత్తిపీట మీది మన్ను కొంగుతో తుడిచింది. "నిద్రపోయి ఎన్ని దినాలాయ?"

"తొమ్మిది, అత్తా."

"డాక్టరు ఏ పొద్దు మింగమన్నె?"

"పొద్దున."

సంగటి పెట్టింది. తిన్నాక తన ఎదుటే మాత్ర మింగించింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లేచి పోయి పాప గౌన్లు సంచిలో సర్దింది.

"బిడ్డను తీస్కపోతాండా. నీ నిద్ర కుదురుకున్యాక తెస్తా. అడ్డం రాబాక."

నేను అడ్డం పోలేదు. పన్నెండు గంటల బస్సుకు పాప ఆమె చంకనెక్కి పోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. మధ్యలో ఒక్కసారి కూడా మెలకువ రాలేదు. ఒళ్ళంతా తేలిగ్గా లేచాను. గోడ ఇవతలికొచ్చి ఖాళీ పక్క చూశాక గానీ పాప లేదని గుర్తు రాలేదు.

మా ఆయనకు ముందురోజు సాయంత్రమే అంతా తెలిసింది. మొహం విప్పారించుకుని, "రాత్రి గురక పెట్టి నిద్రపోయినావ్. అమ్మకు ఇప్పుడే జాబు రాస్తాండా," అన్నాడు.

ఆయన చేతిలోంచి కార్డు లాక్కున్నాను. "రాయొద్దు. నీకు దండం పెడతా, ఇప్పుడే రాయొద్దు."

ఆయనకు అర్థం కాలేదు. బిడ్డ గడప దాటిన రాత్రే తల్లికి హాయిగా నిద్ర పట్టిందని తెలిస్తే, ఆ బిడ్డను ఎవరైనా తిరిగి తెస్తారా? మాత్ర పొద్దున వేసుకున్నందుకే పట్టిందంటే అత్త నమ్ముతుందా? ఆ పొద్దున నేనే నమ్మలేదు.