రేడియేటర్ చల్లారేదాకా

ఉద్యోగం వచ్చేసింది! ఇప్పుడే ఫోన్ చేసి చెప్పారు. బైకుల కంపెనీలో సర్వీస్ ఇంజనీర్ని. అదీ మట్టిదారుల్లో బళ్లు నడిపించే విభాగంలో! మా రెండు వైపుల చుట్టాల్లోనూ డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటి మనిషిని నేనే. ఇప్పుడు మెకానికల్ చదివి మెకానికల్ ఉద్యోగమే తెచ్చుకున్న మనిషిని కూడా.

"ఏసీ ఆఫీసేనా?" అంది అమ్మ.

"కాదమ్మా, బురద."

"ఇంత చదివించింది బురదలో దిగడానికా?" అని, మళ్లీ తనే నవ్వేసింది. "నేనూ దిగాన్లే నాట్లకి. నన్నెవడూ బూట్లిచ్చి దింపలేదు."

నాన్న ఆటో పక్కకి ఆపి విన్నాడు. వెంటనే వెనక సీట్లో కూర్చున్నావిడకి, "మా అమ్మాయండీ" అని మొదలుపెట్టడం ఫోన్లో వినబడింది. ఆవిడ దిగేదాకా ఆ కథ ఆగి ఉండదు.

ఇంటర్వ్యూలు అయ్యాక ఆఖరి పరీక్షగా ఒక రైడ్ పెట్టారు. కొత్తగా బళ్లు కొన్నవాళ్లని కంపెనీవాళ్లు కరకట్ట పక్క మట్టిదారుల్లో చల్లపల్లి దాకా తీసుకెళ్తారు. అందరికంటే వెనక, స్పానర్ల సంచీతో నేను. నాతోపాటు నన్ను పరీక్షించే కంపెనీ పెద్దాయన. పటమటలో బయల్దేరేముందే చెప్పేశాడు: "ఎవరి బండి ఆగినా పూచీ మీదే. ఒక్క బండిని ట్రక్కు ఎక్కించారంటే ఈ ఉద్యోగం సంగతి మర్చిపోండి."

ముందు రోజు వాన పడింది. నల్లరేగడి నేల. కాలు దించితే బూటు మీద ఇంకో బూటు తొడిగే రకం. ఒకాయన ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి బిగుసుకుపోయి చక్రం తిరగలేదు. మడ్‌గార్డు విప్పి ఆయన వీపుకే కట్టాను. ఇంకొకాయన అరటితోట మలుపులో పడి క్లచ్ లీవర్ విరగ్గొట్టుకున్నాడు. మార్చాను. పెద్దాయన చూస్తున్నాడే తప్ప బాగుందనీ అనడు, బాగోలేదనీ అనడు.

చల్లపల్లి ఇంకా దూరం ఉందనగా, కొని వారం కూడా కాని బండి ఒకటి ఆగింది. ఇంజన్ వేడెక్కిందని ఎర్రలైటు వెలుగుతోంది, ముందు నుంచి ఆవిరి. ఆ బండాయనకి వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారం. పొద్దున్నే బండికి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, హెడ్‌లైటు చుట్టూ చెయ్యంత లావు బంతిపూల దండ కట్టుకొచ్చాడు. ఆ దండ కిందికి జారి, బురద పట్టి, పిడకలాగా రేడియేటర్‌కి అతుక్కుపోయింది. ఇంజన్ వేడిని లాగిన నీళ్లు చల్లబడాల్సింది ఆ రేడియేటర్లోనే. దానికి గాలే తగలడం లేదు.

"ఈ దండ తీసేయాలండీ."

"అమ్మో, ముట్టుకోకు! మా అమ్మ కట్టింది. ఇంటికొచ్చేదాకా తియ్యొద్దంది."

"తియ్యనండీ, చోటు మారుస్తాను. వెనక సీటుకి కడతాను."

"అంటే దేవుణ్ణి వెనక కూర్చోబెడతావా?"

"హెల్మెట్ లేకుండానే?" అన్నాడు పక్కనున్న ఇంకో రైడర్. బట్టలాయన కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే దండ విప్పేశాను.

ఈలోగా ఒకాయన హెల్మెట్ నిండా కాలవ నీళ్లు ముంచుకొచ్చాడు, ఇంజన్ మీద పోయడానికి. ఇంకొకాయన చెయ్యి రేడియేటర్ మూత మీదికి వెళ్తోంది.

"ఆగండి!" అని అరిచాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. "మూత తీస్తే మరిగే నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. ఇంత వేడి మీద చన్నీళ్లు పోస్తే ఇంజన్ పగులుతుంది. చల్లారాలి."

"ఎంతసేపు చెల్లెమ్మా?"

"చల్లారేదాకా అన్నా."

"వచ్చే ఆదివారానికి చల్లారుతుందా?"

"ట్రక్కుకి ఫోన్ కొట్టండి, గొడవ వదులుద్ది" అన్నారెవరో. ఆ ఫోన్ వెళ్తే నా ఉద్యోగం కూడా ఆ ట్రక్కెక్కి వెళ్లిపోతుంది. పెద్దాయన వాచీ చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఫోన్ వద్దండీ. ఈ బండి నడిచే వస్తుంది" అన్నాను.

అని, వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. నాలుగేళ్లు ఇంజన్ల గురించి చదువుకుని, అందరూ చూస్తుండగా ఇంజన్ ముందు ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. చేతులు దురద పెడుతున్నాయి. ఏదో ఒకటి విప్పితే పని చేస్తున్నట్టయినా కనబడుతుంది కదా! విప్పలేదు. వాళ్లు విసుక్కున్నారు, సెల్ఫీలు దిగారు, జంతికలు తిన్నారు. నాకూ పెట్టారు.

చెయ్యి ఆనించగలిగేంత చల్లారాక లేచాను. రేడియేటర్ సన్నటి రేకులు వంగకుండా పుల్లతో మెల్లగా మట్టి గీకాను. గుడ్డ అడ్డం పెట్టి మూత కొంచెం కొంచెంగా తిప్పాను. అందరి సీసాల అడుగున మిగిలిన తాగేనీళ్లు పోగుచేసి పోశాను. మూత బిగించి స్టార్ట్ చేశాను. ఎర్రలైటు వెలిగి, ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు.

చల్లపల్లిలోకి ప్రతి బండీ సొంత చక్రాల మీదే వచ్చింది. టీ తాగుతూ పెద్దాయన అడిగింది ఒకటే మాట.

"మధ్యలో మూత తీసేద్దామనిపించలేదా?"

"అనిపించింది సార్. కూర్చున్నంతసేపూ."

ఆయన తల ఊపి ఇంకో టీ చెప్పాడు, నాకు. ఆ టీకి అర్థమేమిటో ఇవాళ ఫోన్ వచ్చాక అర్థమైంది.

ఇంకా ఫోన్లు చెయ్యాలి. తమ్ముడు క్లాసులో ఉంటాడు, ఎత్తడు, అయినా చేస్తాను. ఆడపిల్లకి మెకానికల్ ఎందుకన్న మావయ్యకి తప్పకుండా, స్పీకర్ పెట్టమని మరీ చెప్తాను. తన స్కూటర్‌ని ముక్కలు ముక్కలుగా విప్పనిచ్చిన హాస్టల్ రూమ్మేటుకి. వర్క్‌షాపులో నా కొలత పాదాలకి బూట్లు వెతికి తెప్పించిన ల్యాబ్ మేడమ్‌కి. ఆవిడ నెంబరు పోయింది, ఎవరినైనా అడగాలి. చల్లపల్లి పిన్నికి ఆఖర్న. ఆవిడకి చెప్పాక ఇంక నేనెవరికీ చెప్పక్కర్లేదు.